జాగ్రత్త: కొత్తవని అంటగడుతున్న పాత డిష్ మోటార్లు, "మీ అలైన్‌మెంటే తప్పు" అనే సాకు

90 సెంటీమీటర్ల డిష్, దాన్ని రిసీవర్ చెప్పినట్టు తూర్పు పడమరలకి తిప్పే డైసెక్ మోటార్ కలిపి కిట్‌గా ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అరిగిపోయిన మోటార్‌కి రంగు వేసి, కొత్త స్టిక్కర్ అతికించి పంపుతున్న సరుకు వీటిలో కలుస్తోంది. బిగించాక 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఉపగ్రహం ఇవాళ పడుతుంది, రేపు పడదు. అమ్మినవాళ్లని అడిగితే "మోటార్ బాగానే ఉంది, మీ అలైన్‌మెంట్ తప్పు" అంటారు, అంటే డిష్‌ని గురిపెట్టి బిగించడంలో తప్పు మీదేనని. ఆ మాట మీద వారం, ఇంకో మాట మీద వారం గడిచి, రిటర్న్ గడువు కాస్తా అయిపోతుంది. ఇలా చేసేది ఒక్కరే కాదు కాబట్టి పేర్ల జోలికి పోవడం లేదు. తప్పు ఎవరిదో మీ డాబా మీదే తేల్చుకునే పద్ధతి ఉంది, అది చెప్తాను.

అలైన్‌మెంట్ తప్పు మొండిది. ఈరోజు ఎంత తేడా ఉందో వారం తర్వాతా అంతే ఉంటుంది. డిష్ తూర్పు నుంచి తిరిగి వచ్చినా, పడమర నుంచి వచ్చినా అంతే. నట్లన్నీ బిగువుగా ఉండి కూడా తేడా రోజుకోలా మారుతుంటే మోటార్‌నో కేబుల్‌నో అనుమానించాలి, మీ బిగింపుని కాదు.

పెట్టె విప్పేటప్పుడే వీడియో తీయండి. క్లాంప్ బోల్టుల మూలలు స్పానర్ పట్టి అరిగాయా, అక్షాంశం స్కేల్ అంకెల మీదికి రంగు ఎక్కిందా, ఒక స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ ఉందా చూడండి. కేబుల్ తగిలించే చోట పచ్చటి చిలుము కనిపిస్తే ఆ మోటార్ ఇదివరకే వానలో తడిసింది. స్కేల్ మీద మీ ఊరి అక్షాంశం ఉందో లేదో కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌కి 17.4 కావాలి. అంత కిందికి దిగని స్కేల్‌తో మన దగ్గర పని జరగదు.

అసలు పరీక్ష గేర్లలో లూజుది. డిష్ బిగించి, మోటార్‌ని సున్నాకి, అంటే సరిగ్గా దక్షిణం చూసే చోటికి పంపి, మోటార్ బాడీ మీద నుంచి షాఫ్ట్ మీదికి మార్కర్‌తో ఒక గీత గీయండి. డిష్ అంచుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. గీత విరిగితే గేర్ల లూజు. గీత అలాగే ఉండి మోటారంతా కదిలితే పైపు మీద క్లాంప్ లూజు, అది మీరే బిగించుకోవచ్చు. 90 సెంటీమీటర్ల డిష్‌కి అంచు దగ్గర 8 మిల్లీమీటర్ల కదలిక అంటే ఒక డిగ్రీ. ఈ సైజు డిష్ కేయూ బ్యాండ్‌లో (డీటీహెచ్‌లు వాడే తరంగాల్లో) చూసే వెడల్పే సుమారు రెండు డిగ్రీలు, అంటే నడిమి నుంచి ఒక డిగ్రీ జరిగితే సగం సిగ్నల్ గోవిందా. రెండు మూడు మిల్లీమీటర్లయితే సర్దుకుపోవచ్చు. ఏడెనిమిది ఆడితే ఆ మోటార్ వెనక్కి పంపాల్సిందే.

ఈ లూజు అన్ని ఉపగ్రహాల మీదా ఒకేలా కనిపించదు, అమ్మినవాళ్లు వాడుకునేది దీన్నే. డిష్ బాగా తూర్పుకో పడమరకో వాలినప్పుడు దాని బరువే గేర్లని ఒక పక్కకి నొక్కి పట్టుకుంటుంది. సరిగ్గా దక్షిణం చూస్తున్నప్పుడు బరువు ఏ పక్కకీ పడదు, గాలి ఎటు తోస్తే అటు ఊగుతుంది. హైదరాబాద్‌లో 83 డిగ్రీలకి మోటార్ తిరిగేది సున్నా నుంచి తూర్పుకి 5.3 డిగ్రీలే. విశాఖలో అయితే 83 అంటే దాదాపు సున్నాయే. అదే హైదరాబాద్ నుంచి ఫ్రీ డిష్ ఉన్న 93.5కి 17.5 డిగ్రీలు, ఎయిర్‌టెల్ డీటీహెచ్ ఉన్న 108.2కి 34 డిగ్రీల పైచిలుకు తిరగాలి. అందుకని 108.2 నిలకడగా ఉండి 83 మాత్రం ఊగిసలాడితే అది గేర్ల పనే. "108 పడుతోందంటే మోటార్ మంచిదేగా" అనే వాదనకి లొంగకండి. 83లో ఉన్నది టాటా ప్లే కదా, కార్డు లేదే అని ఆగక్కర్లేదు. సిగ్నల్ క్వాలిటీ చూడటానికి కార్డుతో పని లేదు.

రెండో పరీక్ష: 93.5కి ఒకసారి 83 వైపు నుంచి, ఇంకోసారి 108.2 వైపు నుంచి రప్పించండి. రెండుసార్లూ క్వాలిటీ ఒకటే ఉండాలి. ఎటు నుంచి వచ్చిందన్న దాన్నిబట్టి మారితే లూజు. ప్రతి చుట్టుకీ తేడా పెరుగుతూ పోయి, సున్నాకి పంపినా ముల్లు స్కేల్ సున్నా మీద ఆగకపోతే గేర్ పళ్లు జారుతున్నాయి, లేదా లోపలి సెన్సర్ లెక్క తప్పుతోంది.

ఇక తప్పు నిజంగా మన వైపు ఉండే సందర్భాలు. పైపు నిలువు ముఖ్యం: మీటరు పొడవుకి సెంటీమీటరు వాలితే అర డిగ్రీ పైనే పోయింది. రసమట్టాన్ని ఒక పక్కే కాదు, దానికి అడ్డంగా ఇంకో పక్క కూడా పెట్టి చూడాలి. ఫోన్ కంపాస్‌ని ఇనప పైపు పక్కన నమ్మొద్దు. తర్వాత తూర్పు చివర, పడమర చివర ఒక్కో ఉపగ్రహం పట్టి, డిష్ అంచుని చేత్తో కొంచెం పైకీ కిందికీ నొక్కి క్వాలిటీ ఎప్పుడు పెరుగుతుందో చూడండి. తూర్పున పైకెత్తితే, పడమరన కిందికి నొక్కితే పెరుగుతోందా? మోటార్ మొత్తం పడమరకి తిరిగి ఉంది, పైపు మీద కాస్త తూర్పుకి తిప్పాలి. అటుది ఇటైతే పడమరకి. మధ్యలో బాగుండి రెండు చివర్లా ఎత్తితేనే పెరుగుతుంటే మోటార్ అక్షాంశం అర డిగ్రీ పెంచి, డిష్‌ని అంతే పైకి లేపాలి. యూసాల్స్ (ఏ ఉపగ్రహానికి ఎంత తిరగాలో రిసీవరే మీ ఊరి అంకెల నుంచి లెక్కగట్టే పద్ధతి) వాడేవాళ్లు రిసీవర్‌లో సొంత ఊరి అంకెలు, హైదరాబాద్‌కి 78.5 తూర్పు, 17.4 ఉత్తరం, ఎక్కించారో లేదో చూసుకోండి. తూర్పు బదులు పడమర అని ఉంటే డిష్ ఎటో పోతుంది.

కేబుల్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే కిట్‌తో వచ్చే వైరే చాలాసార్లు దొంగ. లోపలి తీగకి అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే అది రాగి పూత పూసిన ఉక్కు. రాగి తీగతో పోలిస్తే నిరోధం నాలుగైదు రెట్లు. రిసీవర్ ఇచ్చేది 13 లేదా 18 వోల్టులే, 40 మీటర్ల అలాంటి వైరులో వోల్టున్నరకి పైగా దారిలోనే హరించుకుపోతుంది, మోటార్ మధ్యలో ఆగిపోతుంది. రిసీవర్‌ని డాబా మీదికి తీసుకెళ్లి, మధ్యలో స్విచ్‌లేమీ లేకుండా రెండు మీటర్ల వైరుతో నేరుగా కలిపి తిప్పండి. అప్పుడు బాగా తిరిగితే మోటార్‌ని తిట్టకండి, వైరు మార్చండి.

రిటర్న్ పెట్టేటప్పుడు ఈ చిన్న వైరు పరీక్షే వీడియోలో ఉండాలి, లేకపోతే తప్పు కేబుల్ మీదికి తోస్తారు. మార్కర్ గీత విరగడం దగ్గరగా తీయండి. 93.5కి రెండు వైపుల నుంచి వచ్చినప్పటి క్వాలిటీ అంకెలు, మోటార్ స్కేల్ రెండూ ఒకే షాట్‌లో, కట్ లేకుండా పడాలి. ఫోన్లో మాట్లాడుకున్నవి లెక్కలోకి రావు, రాతపూర్వకంగా పెట్టండి. "టెక్నీషియన్‌ని పంపుతాం" అంటే ఏ తేదీకో రాసిమ్మనండి. ఆ తేదీ రిటర్న్ గడువు దాటితే ఒప్పుకోవద్దు.