మందు ట్రయల్‌లో రెండు గ్రూపుల మొదటి బీపీలోనే తేడా ఉంటే మందు ప్రభావం లెక్క ఎలా కట్టాలి? ఏది మేలు?

పీజీ థీసిస్‌లు దిద్దేటప్పుడు నా ఎర్ర పెన్ను టేబుల్ 1 దగ్గరే, అంటే గ్రూపుల మొదటి వివరాల పట్టిక దగ్గరే, ఆగిపోతుంది. వయసు, బరువు, బీపీ, షుగర్... ప్రతి వరుస చివరా ఒక పీ విలువ (నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె). రోగుల్ని లాటరీ తీసినట్టు రెండు గ్రూపులుగా పంచాక, మొదట్లో కనిపించే తేడా కాకతాళీయమేనని మనకు ముందే తెలుసు. తెలిసినదానికి మళ్లీ పరీక్ష దేనికి? ట్రయల్ నివేదిక ఎలా రాయాలో చెప్పే 2010 కన్సార్ట్ మార్గదర్శకాలూ వద్దనే అన్నాయి.

పీ విలువ పెద్దదైతే ఊరుకోవచ్చా అంటే, అదీ కుదరదు. అప్పట్లో ప్రైమరీ బిలియరీ సిరోసిస్ అని పిలిచిన కాలేయ జబ్బుకి అజాథయోప్రిన్ అనే మందు ఇచ్చి చూసిన ట్రయల్ 1985లో అచ్చయింది. మందు గ్రూపులో మొదటి బిలిరుబిన్ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) కాస్త ఎక్కువ, కానీ ఆ తేడా 'సిగ్నిఫికెంట్' కాదు, అంటే పీ విలువ పెద్దదే. అలాంటి అంశాల్ని లెక్కలోకి తీసుకోగానే మందు ప్రభావానికి వచ్చిన పీ 0.1 నుంచి 0.01కి దిగింది.

ఇప్పుడు ఒక ఊహా లెక్క. మందు గ్రూపు బీపీ 158 నుంచి 142కి, ప్లాసిబో (ఉత్తుత్తి మందు) గ్రూపుది 162 నుంచి 150కి వచ్చాయనుకుందాం. చివరి బీపీలు మాత్రమే పోలిస్తే మందు గొప్ప 8. తగ్గుదలలు పోలిస్తే 16కి 12, అంటే 4. ఏది నిజం? మొదటి పద్ధతి మందుకి 4 పాయింట్లు ముందే ఇచ్చేసింది. రెండోది ప్లాసిబో వైపు మొగ్గింది, ఎందుకంటే ఎక్కువ బీపీతో మొదలైన గ్రూపు మందు లేకున్నా కొంత దిగుతుంది. మూడో పద్ధతి ఆన్‌కోవా, అంటే మొదటి బీపీని లెక్కలో ఉంచి చివరి బీపీలు పోల్చే గణాంక పద్ధతి, డేటానే అడుగుతుంది: మొదటి తేడాలో చివరిదాకా నిలిచేది ఎంత? సగం అనుకుంటే, 8లోంచి 2 పోగా జవాబు 6.

నా ఓటు ఆన్‌కోవాకే. రోగుల సంఖ్యా కలిసొస్తుంది. మొదటి, చివరి కొలతల కోరిలేషన్ (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.5 ఉంటే, చివరి బీపీ పద్ధతికి 100 మంది కావాల్సిన చోట తగ్గుదలకూ 100 మందే కావాలి, ఆన్‌కోవాకు 75 చాలు. కోరిలేషన్ 0.3కి పడితే తగ్గుదలకు ఏకంగా 140!

చిన్న ట్రయల్ అయితే ముఖ్యమైన ఒకటి రెండు అంశాల మీద స్ట్రాటిఫై చేసి, అంటే రోగుల్ని ముందు ఆ అంశాల వారీగా విడదీసి, పంచడం ఇంకా మంచిది, విశ్లేషణలోనూ వాటిని ఉంచాలి. ఏవి సర్దుబాటు చేస్తామో మాత్రం డేటా చూడకముందే రాసుకోవాలి. ఆఖరి వారంలో ఎక్సెల్ షీటు పట్టుకొచ్చి "సార్, ఏ వేరియబుల్ పెడితే సిగ్నిఫికెంట్ వస్తుంది?" అనేవాళ్లని ముందు ప్రోటోకాల్ (మొదట్లోనే రాసుకున్న ప్లాన్) తెమ్మంటాను.