సూర్యారావుపేటలో టి-సెల్ జీన్ పరీక్ష: ల్యాబు బాగుంది, కౌంటరే చూసుకోవాలి

విజయవాడ సూర్యారావుపేటలోని ఓ డయాగ్నస్టిక్ సెంటర్ టి-సెల్ (రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్లకణం) రిసెప్టర్ జీన్ పరీక్షకు శాంపిళ్లు తీసుకుంటోంది. పరీక్ష ఇక్కడ జరగదు, శాంపిల్ రాత్రి పార్సిల్‌లో హైదరాబాద్ వెళుతుంది. ఏళ్ల తరబడి ఎగ్జిమా మందులకు లొంగని మచ్చ మైకోసిస్ ఫంగాయిడిసేమో (చర్మంలో వచ్చే టి-సెల్ క్యాన్సర్) అన్న అనుమానం వచ్చినప్పుడు ఈ పరీక్ష నిజంగా పనికొస్తుంది. ప్రతి టి కణం తన రిసెప్టర్ జీన్ ముక్కల్ని తనదైన తీరులో అతికించుకుంటుంది. మామూలు వాపులో చేరిన కణాల్లో ఆ జీన్ రకరకాల పొడవుల్లో ఉంటుంది కాబట్టి గ్రాఫ్ గంట ఆకారంలో వస్తుంది. క్యాన్సర్‌లోలా ఒకే కణం నుంచి పెరిగిన గుంపైతే (దీన్నే క్లోన్ అంటారు) ఒక పీక్ సన్నగా, నిటారుగా లేస్తుంది.

ల్యాబు పనికి మంచి మార్కులే వేయాలి. వాడేవి 2003లో వచ్చిన బయోమెడ్-2 ప్రైమర్లు (జీన్‌లో కావలసిన చోటును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు): రిసెప్టర్ జీన్లలో గామాకు 2 ట్యూబులు, బీటాకు 3. 'పాజిటివ్' అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా గ్రాఫులు కూడా ఇస్తున్నారు. బీటా ఎ ట్యూబులో పీక్ 240–285 బేస్‌ల (డీఎన్ఏ పొడవు కొలత) మధ్య, గామా ఎ ట్యూబులో 145–255 మధ్య ఉందా అన్నది డాక్టరే కళ్లారా చూసుకోవచ్చు. ప్రతి ట్యూబునూ రెండుసార్లు నడిపి రెండు గ్రాఫులూ జతచేస్తున్నారు. ఇది చాలా ముఖ్యం. చిన్న చర్మపు ముక్కలో టి కణాలు కొద్దిగానే ఉంటే, వాటిలో ఏ ఒకటో రెండో పీసీఆర్‌లో (డీఎన్ఏను ఎన్నో రెట్లు కాపీ చేసే పద్ధతి) పెరిగి దొంగ పీక్ చూపిస్తాయి. రెండోసారి నడిపితే అది ఇంకోచోట లేస్తుంది. రెండింటిలోనూ ఒకేచోట వచ్చిన పీక్‌నే నమ్మాలి.

లోటు ఒకటుంది: కంట్రోల్ లాడర్ (శాంపిల్‌లో డీఎన్ఏ ఎంత పొడవు వరకు చెక్కుచెదరలేదో చూపే గీతలు) బొమ్మ రిపోర్టులో పెట్టరు, అడిగితేనే పంపుతారు. తప్పకుండా అడగండి. 100, 200, 300, 400, 600 బేస్‌ల గీతల్లో 300ది రాలేదంటే డీఎన్ఏ ముక్కలైపోయిందని అర్థం. అప్పుడు బీటా 'నెగెటివ్' అన్న మాటకు విలువ లేదు.

డీఎన్ఏ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, శాంపిల్ హైదరాబాద్ చేరకముందే. కుళాయి నీళ్లు కలిపిన ఫార్మలిన్ (తీసిన ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) రోజులు గడిచేకొద్దీ ఆమ్లమై డీఎన్ఏను తినేస్తుంది. 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్, ముక్కకు కనీసం పదిరెట్లు, 6 నుంచి 48 గంటలు ఉంచాలి. శనివారం సాయంత్రం తీసిన ముక్క సోమవారం దాకా అందులోనే నానుతుంది కాబట్టి వారం మధ్యలో తీయించడం మేలు. బోన్ మ్యారో ముక్కైతే ఎముక మెత్తబడడానికి యాసిడ్ వద్దు, ఈడీటీఏ (కాల్షియాన్ని లాగేసే రసాయనం) వాడమనండి.

రక్తం విషయంలో కౌంటర్‌లో కాస్త గట్టిగానే ఉండాలి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబే కావాలి. ఆకుపచ్చ మూత ట్యూబులోని హెపారిన్ పీసీఆర్‌ను ఆపేస్తుంది, ఈ సెంటర్‌లో ఆ పొరపాటు జరుగుతోంది. విజయవాడ ఎండకు ఐస్ ప్యాక్ తప్పదుగానీ ట్యూబుకు నేరుగా తగలనివ్వకూడదు. గడ్డకట్టి కరిగితే ఎర్రకణాలు పగిలి, ఆ హీమోగ్లోబిన్ కూడా పీసీఆర్‌కు అడ్డమే.

ఈ పరీక్షను సరిగ్గా వాడుకోవాలంటే రెండు వేర్వేరు మచ్చల ముక్కలు, వీలైతే రక్తం, ఒకేసారి ఇవ్వాలి. అన్నింటిలోనూ అదే పొడవు పీక్ వస్తే అది బలమైన ఆధారం. ఇక్కడ కౌంటర్‌లో వాటిని విడివిడి బిల్లులుగా వేస్తే వేర్వేరు బ్యాచుల్లో పోతాయి. 'ఒకే రన్‌లో పెట్టండి' అని ఫారం మీద రాయించండి.

క్లోన్ దొరికినంత మాత్రాన క్యాన్సర్ అని బెంబేలెత్తకండి. పెద్ద వయసువారి రక్తంలో, వైరస్ జ్వరాల తర్వాత కూడా క్లోన్ కనిపిస్తుంది. బి-సెల్ లుకేమియాలో కూడా గామా జీన్ అతుక్కుని ఉండొచ్చు. స్లైడ్ చూసిన పాథాలజిస్టు మాటతో కలిపి చదవాల్సిన రిపోర్టు ఇది.

2024 ఆగస్టులో అమెరికాలో సైనోవియల్ సార్కోమాకు అనుమతి వచ్చిన టి-సెల్ రిసెప్టర్ చికిత్స కోసం ఈ పరీక్ష చేయించుకుంటే డబ్బు దండగ. దానికి కావలసింది హెచ్ఎల్ఏ టైపింగ్ (రోగి కణజాల రకం చూసే పరీక్ష), కణితిలో మేజ్-ఎ4 అనే ప్రొటీన్ పరీక్ష. అలాగే లింఫోమా కణం రిసెప్టర్ బీటా గొలుసులో టీఆర్‌బీసీ1 రకమా, టీఆర్‌బీసీ2 రకమా అన్నది ఫ్లో సైటోమెట్రీలో (కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా చూసే పరీక్ష) జోవి-1 యాంటీబాడీతో తేలుతుంది. ఈ సెంటర్ మెనూలో అది లేదు.

గుంటూరు కొత్తపేటలో ఇచ్చిన శాంపిల్ ముందు విజయవాడ వచ్చి, మర్నాడు బయల్దేరుతుంది. మైనంలో పొదిగిన ముక్కకు (బ్లాక్‌కు) ఫర్వాలేదు. రక్తమైతే పొద్దున్నే సూర్యారావుపేటకే వచ్చి ఇవ్వండి.