సర్పి మాత్రలు: రోజుకు ఐదా, మూడా?

మా అత్తయ్యకు నడుము పక్కన సర్పి (షింగిల్స్) లేచిన సంగతి తెలిసినప్పటి నుంచి చుట్టాలూ స్నేహితులూ నన్ను అడుగుతున్నది ఒకటే. ఎసైక్లోవిర్ మంచిదా, వాలాసైక్లోవిర్ మంచిదా? మూడేళ్ల కిందట మామయ్యకు మొదటిది వాడాం, ఈసారి అత్తయ్యకు రెండోది. కాబట్టి నా దగ్గర ఒక సమాధానం ఉంది.

నిజానికి రెండూ ఒకటే మందు. వాలాసైక్లోవిర్ ఒంట్లోకి వెళ్లాక ఎసైక్లోవిర్‌గానే మారుతుంది. తేడా అంతా ఎంత ఒంటపడుతుందన్న దగ్గరే ఉంది. ఎసైక్లోవిర్ మాత్ర మింగితే రక్తంలోకి చేరేది 15 నుంచి 30 శాతం. వాలాసైక్లోవిర్ అయితే సగానికి పైనే. అందుకే మొదటిది 800 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఐదుసార్లు, రెండోది గ్రాము చొప్పున మూడుసార్లు. వారానికి 35 మోతాదులు ఒక పక్క, 21 మోతాదులు మరో పక్క.

వాలాసైక్లోవిరే మేలన్న నా తీర్పు ఈ లెక్క మీదే. ఐదుసార్లంటే ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. మామయ్య ఎనిమిదిన్నరకే పడుకుంటారు. నొప్పితో ఎలాగో కన్నంటుకున్న మనిషిని మాత్ర కోసం లేపడానికి ఎవరికి మనసొప్పుతుంది? వారం తిరిగేసరికి పెట్టెలో తొమ్మిది మాత్రలు మిగిలాయి. అత్తయ్యకు టిఫిను, భోజనం, రాత్రి చపాతీ, వీటి వెనకే మాత్ర. ఒక్కటీ తప్పలేదు.

1995లో వచ్చిన ఒక అధ్యయనం 50 ఏళ్లు దాటిన 1,141 మందిలో ఈ రెండింటినీ పోల్చింది. పొక్కులు మానడంలో తేడా పెద్దగా లేదు. నొప్పి మాత్రం వారం రోజులు వాలాసైక్లోవిర్ వాడినవారిలో సగం మందికి 38 రోజుల్లో పోతే, ఎసైక్లోవిర్ వారికి 51 రోజులు పట్టింది. సర్పిలో మనిషిని వేధించేది ఆ నొప్పే కదా.

ఎసైక్లోవిర్ చౌక, చిన్న ఊళ్లోనూ సులభంగా దొరుకుతుంది. పొక్కులు కనిపించిన 72 గంటల లోపు మందు మొదలు కావాలి. మీ ఊరి దుకాణంలో ఎసైక్లోవిరే ఉంటే, రేపు పట్నం నుంచి రెండోది తెప్పిద్దామని కూర్చోవద్దు; డాక్టరును అడిగి ఈ రాత్రికే దానితో మొదలుపెట్టండి. రెండూ మూత్రపిండాల గుండానే బయటికి పోతాయి. మూత్రపిండాల పనితీరు తగ్గినవారికి ఏది వాడినా మోతాదు తగ్గించాలి. షుగరు ఉన్న పెద్దవారైతే ఆ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఫామ్‌సైక్లోవిర్ కూడా ఉంది, పనితీరులో వాలాసైక్లోవిర్‌కు సాటి. పై పూత ఎసైక్లోవిర్ సర్పికి చాలదు. ఇక మంత్రం, ఎర్రమట్టి పూత. పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మానుతాయి గనుక మంత్రానికీ మట్టికీ నయం చేస్తాయన్న పేరు వచ్చింది. మంత్రం వల్ల పోయేది ఏమీ లేదు, ఆ మూడు రోజులు తప్ప. నుదుటి మీదో, కంటి దగ్గరో, ముక్కు కొన మీదో పొక్కు లేస్తే ఈ బేరీజులన్నీ పక్కనపెట్టి ఆ పూటే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

అత్తయ్యకు ఐదో వారంలో నొప్పి పోయింది. మామయ్యకు చొక్కా రాసుకుంటే ఇప్పటికీ మంటే. రాత్రిపూట నరాల నొప్పికి గాబాపెంటిన్ మాత్ర వేసుకుంటున్నారు. ఇదంతా మాత్ర మహిమే అని ప్రమాణం చేయలేను. ఆయన అత్తయ్యకన్నా పదేళ్లు పెద్ద, పైగా మట్టి పూతతో మూడు రోజులు గడిపి నాలుగో రోజున మందు మొదలుపెట్టారు.