చెక్క చిత్రికా, ఇనుప చిత్రికా: ఏది కొనాలి?

కొత్తగా వడ్రంగి పని నేర్చుకునేవాళ్లు ఒక్కటే చిత్రిక (చెక్కను పల్చగా గీకి చదును చేసే పనిముట్టు) కొనుక్కోవాలంటే ఇనుపదే కొనమంటాను, నాలుగో నంబరుదో అయిదో నంబరుదో. (పనిముట్ల కంపెనీ స్టాన్లీ పెట్టిన నంబర్లే చాలామంది తయారీదార్లు వాడతారు, నాలుగు అంటే దాదాపు 10 అంగుళాల పొడవు, అయిదు 14.) అలాగని చెక్కది పాతకాలపు సామాను, పక్కన పడేయండి అంటే మాత్రం ఒప్పుకోను.

అసలు తేడా బ్లేడు సర్దుకోవడంలో ఉంది. ఇనుపదానికి బ్లేడు వెనక చిన్న చక్రం ఉంటుంది, వేలితో తిప్పితే బ్లేడు కిందికో పైకో జరుగుతుంది, ఒక పక్కకు ఒరిగితే సరిచేయడానికి వేరే మీట ఉంటుంది. అమెరికాలో లియొనార్డ్ బెయిలీ 1860ల్లో పేటెంట్లు తీసుకున్న చక్రం పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. చెక్కదాంట్లో ఇవేమీ ఉండవు. బ్లేడును చెక్క చీలతో బిగిస్తారు, బ్లేడు పైకొస మీద సుత్తితో మెల్లగా కొడితే లోతు పెరుగుతుంది, చిత్రిక వెనక కొస మీద కొడితే తగ్గుతుంది. చెయ్యి తిరిగినవాళ్లకు రెండు దెబ్బల పని, కొత్తవాళ్లేమో ఒక దెబ్బ గట్టిగా వేసి, తగ్గించబోయి, చీల ఊడదీసి మళ్లీ మొదటికొస్తారు.

కానీ రోజంతా ద్వారబంధాలకు చెక్క చదును చేసే పనైతే చెక్కదే హాయి. తేలిగ్గా ఉంటుంది, చెక్క మీద చెక్క నునుపుగా జారుతుంది. ఇనుప నాలుగో నంబరే దాదాపు 1.7 కిలోలు, పైగా దాని అడుగుభాగం చెక్కకు పట్టేసినట్టుంటుంది, మధ్యమధ్యలో అక్కడ కొవ్వొత్తి రుద్దుకోవాల్సిందే. ముడులున్న చోట మాత్రం ఆ బరువే పనికొస్తుంది, చిత్రిక ఎగిరి పడదు.

చెక్కదాని గొడవ అరుగుదల. అడుగు అరుగుతుంది, వర్షాకాలం తేమకు కాస్త వంపు తిరుగుతుంది, మళ్లీ చదును చేస్తూ పోతే నోరు (బ్లేడు బయటికొచ్చే సందు) వెడల్పవుతుంది. నోరు వెడల్పైతే నార ఎదురు తిరిగిన చోట చెక్క పెళ్లలుగా లేచిపోతుంది. అప్పుడు నోటి ముందు గట్టి చెక్కముక్క అతుకు వేసుకోవాలి, ఇంట్లోనే అయిపోయే పని. ఇనుపదానికి అరుగుదల తక్కువ గానీ సముద్రం దగ్గరి ఊళ్లలో నూనె రాయకుండా వదిలేస్తే తుప్పు, పోత ఇనుముది గచ్చు మీద పడితే నోటి దగ్గర పగులు. ఆ పగులుకు ఇంట్లో మందు లేదు.

నునుపు ఎందులో ఎక్కువ వస్తుందని అడుగుతారు గానీ, బ్లేడు సాన సరిగ్గా ఉంటే టేకు మీద రెండూ ఒకేలా తెస్తాయి. సాన లేకపోతే ఎంత ఖరీదైనదైనా దండగ.

చవక ఇనుపది కొంటే పెట్టెలోంచి తీయగానే పని చేస్తుందని ఆశపడకండి, అద్దం మీద ఎమరీ కాగితం పరిచి అడుగు చదును చేసుకోవాలి, బ్లేడు వెనక వైపు కూడా. అంత ఓపిక లేకపోతే పాత చెక్కది బాగున్నది చూసి కొనండి: చీల కదలకుండా పట్టాలి, నోరు ఇరుగ్గా ఉండాలి, బ్లేడులో ఇంకా సానకు సరిపడా పొడవు మిగిలుండాలి.