హ్యాబిటికాతో నాలుగున్నరేళ్లు: ఆటలో నడక నీలం, కాగితం మీద షుగరు 186

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది జిరాక్సు, ఆన్‌లైను ఫారాల షాపు. పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తితే మళ్లీ దించేది రాత్రి పదికే. ఒకరు ఒడియాలో అడుగుతారు, ఒకరు తెలుగులో, కొండ మీంచి దిగినవాళ్లు సవరలో. అందరి పనీ అవుతుంది, నా పని తప్ప. 2020 చివర్లో బరంపురం నుంచి వచ్చిన చెల్లి నా ఫోన్లో హ్యాబిటికా అనే యాప్ ఎక్కించి, "అన్నయ్యా, ఇక నువ్వొక వీరుడివి" అని చేతిలో పెట్టి వెళ్లింది. అప్పటి నుంచి అది ఫోన్లోనే ఉంది. ఫోన్లు రెండు మారాయి.

తెలియనివాళ్లకు చెప్తున్నా. ఇది చేయాల్సిన పనుల జాబితాయే, కాకపోతే ఆట వేషం కట్టింది. 2013లో హ్యాబిట్ ఆర్పీజీ అనే పేరుతో మొదలై, 2015లో ఇప్పటి పేరు పెట్టుకుంది. మన బొమ్మకు 50 పాయింట్ల ప్రాణం ఉంటుంది. పని చేసి టిక్కు పెడితే బంగారు నాణేలూ అనుభవమూ వస్తాయి. రోజువారీ పని ఎగ్గొడితే ప్రాణం తరుగుతుంది. అది సున్నాకు వచ్చిందా, ఒక లెవెలు, ఉన్న నాణేలన్నీ, కొనుక్కున్న వాటిలో ఒక సామానూ పోతాయి. నేను ఏడుసార్లు చచ్చాను. అందులో మూడు చావులు అడ్మిషన్ల సీజనులోనే.

నాణేలతో ఏం కొనుక్కోవాలో మనమే రాసుకోవచ్చు. గుప్‌చుప్, అదే పానీపూరీ, ప్లేటుకు 25 అని పెట్టాను, ఛెనాపోడ అనే మా ఒడియా మిఠాయి ముక్కకు 150. షుగరు ఉన్నవాడికి ఛెనాపోడ ఎందుకని మా ఆవిడ అడిగింది. 150 కూడేసరికి నెల పడుతుందిలే అన్నాను. పదకొండు రోజులు పట్టింది.

పనుల రంగులు మారుతుంటాయి. మొదట పసుపు, చేస్తూ పోతే ఆకుపచ్చ, నీలం, వదిలేస్తే నారింజ, ఎరుపు. ఎర్రబడ్డ పనికి నాణేలు ఎక్కువ. పద్దు పుస్తకం రాయడం అనే ఒక్కసారి పనిని కావాలనే మూడు వారాలు నానబెట్టి, బాగా ఎర్రబడ్డాక చేశాను. నాణేలు దండిగా వచ్చాయి. ఆ మూడు వారాల లెక్కలు మాత్రం ఇప్పటికీ కుదరలేదు.

పదో లెవెల్లో యోధుడు, మాంత్రికుడు, వైద్యుడు, దొంగ అనే నాలుగింటిలో ఒక వేషం ఎంచుకోవాలి. నేను వైద్యుణ్ణి. ఎందుకో చెప్పాలంటే మా జట్టు సంగతి చెప్పాలి. చెల్లి, నేను, ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉండే అక్క, బావ. నలుగురం కలిసి ఒక రాక్షసుడి మీదికి వెళ్తాం. మనం చేసిన పనులు వాడికి దెబ్బలు. మనలో ఒకరు రోజువారీ పని ఎగ్గొడితే వాడి దెబ్బ నలుగురికీ తగులుతుంది. షాపు మూసి, తిని, పడుకునే నేను నడక మానేస్తే సరిహద్దు అవతల మా బావ ప్రాణం తరుగుతుందన్నమాట. పొద్దున్నే ఫోను: "ఏరా, రాత్రి నడక ఎగ్గొట్టీసినావేటి? నాకు ఆరు ప్రాణాలు పోనాయి." ఆ మాటకి కదిలినంతగా ఏ లెవెలుకీ నేను కదల్లేదు. అందరినీ చంపుతున్నది నేనే కాబట్టి, జట్టు మొత్తానికి ప్రాణం పోసే విద్య ఉన్న వైద్యుడి వేషం నాకు న్యాయం అనిపించింది.

కానీ సిగ్గుపడాల్సిన సంగతి కూడా అక్కడే పుట్టింది. ఒక రాత్రి వాన, కరెంటు లేదు, ఫోన్లో చార్జింగు నాలుగు శాతం. బావ మాట పడాలి అనిపించి, మంచం మీద దుప్పటి కప్పుకునే నడకకు టిక్కు పెట్టేశాను. టింగుమని నాణేలు పడ్డాయి. మర్నాడు బావ "శభాష్" అని పెట్టాడు. రెండోసారి అంత ఇబ్బంది అనిపించలేదు. మూడోసారి అసలు గుర్తే లేదు. వరస 94 రోజులకు చేరింది, నడక నీలం రంగులో మెరుస్తోంది. ఆ వారం పరగడుపు రక్తపరీక్ష చేయిస్తే కాగితం మీద 186. డాక్టరు గారు "నడుస్తున్నారా?" అన్నారు. జేబులో ఉన్న ఫోను మీద చెయ్యి వేసుకున్నాను.

మనం చెప్పిందే నమ్ముతుంది ఆట. అది దాని లోపమని అనలేను. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు నాన్న పుస్తకం చూడకుండా వినేవారు, అప్పుడూ ఇంతే. ఆ రోజే "నడక" తీసేసి "మహేంద్రతనయ ఏటి గట్టు దాకా వెళ్లి, అక్కడ తీసిన ఫోటో మన గ్రూపులో పెట్టడం" అని రాశాను. బావకు నిజం చెప్పాను. తిట్టలేదు, నవ్వాడు. ఆయనా ప్రాణాయామానికి అలాగే టిక్కులు పెడుతున్నాడట.

ఇంకో దెబ్బ నేను ఊహించనిది. నా చదువంతా ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో నాన్న నేర్పినవే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టి, ముప్పై దాటాక ఒత్తులు దిద్దుకుంటున్నాను. అది నాకు ఇష్టమైన పని. ఒక్కోరోజు షాపులో ఖాళీ దొరికితే రెండు పేజీలు రాసేవాణ్ణి, షాపుకొచ్చినవాళ్ల మాటలు, వాళ్ల ఊళ్ల పేర్లు. దాన్నీ ఆటలో పెట్టాను, "రోజూ మూడు వాక్యాలు" అని. నెల తిరిగేసరికి సరిగ్గా మూడే వాక్యాలు రాస్తున్నాను. "ఈరోజు వాన పడింది. కరెంటు పోయింది. నిద్ర వస్తోంది." టిక్కు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం గురించి తర్వాత చదివాను. బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లలకు ముందే బహుమతి ఆశ చూపి గీయిస్తే, తర్వాత వాళ్లంతట వాళ్లు గీసే సమయం తగ్గిందట. నా కథ అంతే. ఆ పనిని ఆటలోంచి తీసేశాక రెండు నెలలు అసలు పెన్ను పట్టలేదు. ఇప్పుడు రాస్తున్నాను గానీ మునుపటంత లేదు.

మిగతావి గబగబా. గుడ్ల నుంచి జంతువులు పొదిగించడం నాకు ఎక్కలేదు, మా మేనల్లుడికి మాత్రం అదే ప్రపంచం. ఎగిరే పందికి పీచుమిఠాయి పెడతానని వచ్చినప్పుడల్లా నా ఫోను లాక్కుంటాడు. 2023 ఆగస్టులో గిల్డులు, టావెర్న్ అనే ముచ్చట్ల చోట్లు తీసేశారు. నాకు ఇంటి జట్టే లోకం కాబట్టి తేడా తెలియలేదు. ఉచితంగానే ఆడాను, డబ్బు పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మొదలుపెట్టేవాళ్లు ఒక్క సెట్టింగు మాత్రం మార్చుకోండి. రోజు మొదలయ్యే వేళ. నాది రాత్రి రెండుకు పెట్టాను, లేకపోతే పదకొండున్నరకు అన్నం తినేవాడికి రోజూ శిక్షే. ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడు నష్టం ఆపే సదుపాయం కూడా ఉంది. అమ్మ ఆస్పత్రిలో ఉన్న పన్నెండు రోజులూ దాన్ని వాడాను. నేను ఎగ్గొట్టిన పనులకు దెబ్బ లేదు, బావ ఎగ్గొట్టినవాటికి మాత్రం నాకూ పడింది.

ఇప్పుడు నా జాబితాలో ఐదే పనులు: గట్టు ఫోటో, మాత్ర, పద్దు, షాపు మూసేముందు మిషను తుడవడం, అమ్మకు ఫోను. కిందటి నెల పరీక్షలో 132 వచ్చింది. ఆ ఊపులో ఛెనాపోడ ధర 300 చేశాను. చేతిలో 212 ఉన్నాయి.