పెద్ద లెన్స్ పోయాకే పని కుదిరింది

తలకు తగిలించుకునే ఈ భూతద్దం కొన్న కొత్తలో దాని 3.5 రెట్ల లెన్స్‌ని అడిగినవాళ్ల దగ్గరా అడగనివాళ్ల దగ్గరా తెగ పొగిడాను. పొగడాల్సిందే మరి. నేను చేసేవి బుల్లి ఓడల మోడల్స్, అసలు ఓడలో ఏడువందో వంతు. 1/700 స్కేల్ ఓడలో మీటరు ఎత్తు రెయిలింగ్ 1.4 మిల్లీమీటర్లకి దిగిపోతుంది. దాని పక్కన నిలబడే నావికుడు రెండున్నర మిల్లీమీటర్లు. చత్వారం వచ్చిన కళ్లకి ట్వీజర్స్ కొసన ఉన్నది ఇత్తడి రెయిలింగో, ఎక్కణ్ణించో వచ్చి అంటుకున్న నూలుపోగో తెలియదు. అలాంటిది ఆ లెన్స్ దించగానే రెయిలింగ్‌లో అడ్డకమ్మీలు విడివిడిగా లెక్కపెట్టేలా కనిపించాయి.

పట్టీ, మెత్త, బరువు గురించి చెప్పేదేం లేదు. దానికున్న లైటు మాత్రం ఆపేశాను. చూపు వెళ్లే దారిలోనే వెలుగూ పడితే నీడలుండవు, నీడల్లేకపోతే డెక్ మీద చెక్కిన పలకల గీతలు కనబడవు. పక్కనుంచి ఒక టేబుల్ లైటు చాలు. నేను చెప్పాలనుకున్నది దూరం గురించి.

లెన్స్ పవర్‌ని డయాప్టర్లలో చెబుతారు. లెన్స్ మీద 10 డయాప్టర్లు అని ఉంటే వస్తువు పది సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. 5 అని ఉంటే ఇరవై. వందని డయాప్టర్లతో భాగిస్తే దూరం వచ్చేస్తుంది. నా పెద్ద లెన్స్, ఆ 3.5 రెట్లది, 10 డయాప్టర్లది. అంటే ఆ పది సెంటీమీటర్ల సందులోకే రెండు చేతులు, ట్వీజర్స్, గ్లూ అద్దిన సూది అన్నీ దూరాలి. ట్వీజర్స్ వెనక కొస లెన్స్‌కి తగులుతుంది కాబట్టి మణికట్టు పక్కకి వంచి పట్టుకోవాలి. కళ్లు రెండూ ముక్కువైపు తిరిగి చూడాలి, కాసేపటికే నొసలు లాగేస్తుంది. స్పష్టంగా కనబడే లోతు నా కళ్లకైతే సెంటీమీటరు కూడా లేదు. డెస్ట్రాయర్ అనే యుద్ధనౌక మోడల్‌లో మాస్ట్ (ఓడ స్తంభం) ఎత్తు మూడు సెంటీమీటర్లు. పైకొస తేటగా కనబడితే కింద డెక్కంతా మసక.

ఆ లెన్స్ ఎలా పోయిందో చెప్పాలి. ఒక డెస్ట్రాయర్‌కి రెయిలింగులు సూపర్‌గ్లూతో అంటించి, దుమ్ము పడకుండా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. భూతద్దం కూడా ఎప్పుడూ ఆ డబ్బాలోనే ఉండేది. మర్నాడు తలకి పెట్టుకుని చూస్తే ఓడంతా మసకమసకగా ఉంది. మెత్తటి గుడ్డతో తుడిచినా పోలేదు. లెన్స్‌ని వెలుగుకి పట్టి చూస్తే పల్చటి తెల్లపొర, దాని అంచున నా బొటనవేలి ముద్ర, గీత గీతా స్టాంపు గుద్దినట్టు. సూపర్‌గ్లూ ఆరేటప్పుడు లేచే ఆవిరి తేమ తగిలితే గట్టిపడి తెల్లబడుతుంది. వేలిముద్రలో మిగిలిన చెమట మరకలంటే దానికి మరీ ప్రీతి. ఫోరెన్సిక్ ల్యాబుల్లో కనబడని వేలిముద్రల్ని బయటపెట్టేది ఇలాగే, వస్తువుని మూసిన పెట్టెలో ఉంచి ఇదే ఆవిరి పట్టిస్తారు. నా డబ్బాలో ఆ ప్రయోగం ఉచితంగా జరిగింది. విమాన మోడల్స్ చేసేవాళ్లు కాక్‌పిట్ అద్దం దగ్గర సూపర్‌గ్లూ వాడడానికి జంకేది కూడా ఇందుకే.

సూపర్‌గ్లూని కరిగించేది ఎసిటోన్. లెన్స్ ఏమో అక్రిలిక్, ఎసిటోన్ తగిలితే అదీ పాడవుతుంది. పాలిష్ పెట్టి రుద్దాను, టూత్‌పేస్ట్ పెట్టి రుద్దాను. పొర పల్చబడింది, దాంతోపాటు లెన్స్ నునుపూ పోయింది. ఆ ఒక్క లెన్స్ విడిగా ఇమ్మని అమ్మినవాళ్లని అడిగితే మొత్తం సెట్టు కొనుక్కోమన్నారు. ఆ జవాబు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లెన్సులు మార్చుకోవచ్చని పెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో వేసి, పోయినదాని బదులు ఇంకొకటి అమ్మకపోతే ఆ మార్చుకోవడం ఎందుకు?

ఓడ సగంలో ఉంది. చేసేదిలేక అదే సెట్టులోని 5 డయాప్టర్ల లెన్స్ బిగించాను. లెక్క ప్రకారం 2.25 రెట్లే. మొదట్లో ఏమీ కనబడట్లేదని విసుక్కున్నాను. పోను పోను, భాగాలు విరగడం తగ్గిందని గమనించాను. ఇరవై సెంటీమీటర్లంటే ముంజేతులు రెండూ బల్లకి ఆనతాయి. చెయ్యి ఆనితే వణుకు చాలావరకు పోతుంది. దూరం రెట్టింపయితే స్పష్టంగా కనబడే లోతు దాదాపు నాలుగింతలవుతుంది, కాబట్టి మాస్ట్ పైకొసా దాని కింది బ్రిడ్జీ (ఓడని నడిపే గది) ఒకే చూపులో ఉంటాయి. పెద్ద లెన్స్‌తో రెయిలింగ్ ఒక కొస అంటిస్తుంటే, చూపులో లేని రెండో కొస వెళ్లి రాడార్‌ని పడగొట్టేది. ఆ బెడద పోయింది. రిగ్గింగ్ దగ్గర, అంటే మాస్ట్‌లకి కట్టే తాళ్ల దగ్గర, తేడా మరీ తెలుస్తుంది. స్ప్రూని (మోడల్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముని) వేడిచేసి సాగదీసిన పోగుని ఈ మాస్ట్ నుంచి ఆ మాస్ట్‌కి తీసుకెళ్లేటప్పుడు రెండు చివరలూ కనబడకపోతే అది పనే కాదు.

ఇంకో లాభం నేను అనుకోనిది. పెద్ద లెన్స్‌లో నేను వేసిన రంగు ఘోరంగా కనబడేది, దిద్దిన చోటే మళ్లీ దిద్ది రంగు మందం చేసేవాణ్ణి. ముప్పై సెంటీమీటర్ల నుంచి చూసే మామూలు కన్ను, మధ్యలో 0.1 మిల్లీమీటరు కూడా ఎడం లేని రెండు గీతల్ని విడదీసి చూడలేదు. షెల్ఫ్‌లో ఉన్న ఓడని అంతకన్నా దగ్గరికెళ్లి చూసేదెవరు? అసలు ఈ స్కేల్‌లో కచ్చితత్వానికి ఒక హద్దుంది. 0.07 మిల్లీమీటర్ల తలవెంట్రుకని రిగ్గింగ్‌కి కడితే అసలు ఓడ మీద అది ఐదు సెంటీమీటర్ల మోకు. 0.1 మిల్లీమీటరు మందమున్న, ఎచ్ చేసిన (రసాయనంతో కొరికించి తీసిన) ఇత్తడి రెయిలింగ్ అయితే ఏడు సెంటీమీటర్ల మందం కమ్మీ. ఏ డెస్ట్రాయర్‌కీ రిగ్గింగ్ అంత లావుండదని తెలిసీ కడుతూనే ఉంటాం, అది వేరే సంగతి.

అలాగని ఎక్కువ రెట్ల లెన్స్ అక్కర్లేదనను. ఎచ్ చేసిన భాగాన్ని ఫ్రేము నుంచి కోశాక మిగిలే బుడిపెని ఆకురాయితో అరగదీయడానికి, డీకల్ (మోడల్ మీద అంటించే పల్చటి బొమ్మ) కింద వెంట్రుకేమైనా చిక్కుకుందేమో చూడడానికి అది ఉండాలి. నాకిప్పుడు ఆ పని గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే లూప్‌తో గడిచిపోతోంది. పట్టాల మధ్య మూడే మిల్లీమీటర్లుండే 1/450 టి గేజ్ రైళ్లవాళ్లు చదునైన పెట్టెల మీద గీతలు దిద్దుతారు. వాళ్లకి లోతుతో పనిలేదు, పది డయాప్టర్లే నయం కావచ్చు.

ఇదంతా నా కళ్ల లెక్క. నాకు దూరపు చూపు బాగానే ఉంది, దగ్గరిదే పోయింది. చత్వారం అద్దాల మీద దీన్ని పెట్టుకుంటే రెండు పవర్లూ కలుస్తాయి. +2 మీద 5 పెడితే 7, దూరం పద్నాలుగు సెంటీమీటర్లకి తగ్గిపోతుంది. దూరపు చూపుకి మైనస్ 5 అద్దాలు వాడే స్నేహితుడొకడు అవి తీసేసి, ఏ లెన్సూ లేకుండా ఇరవై సెంటీమీటర్ల దగ్గర హాయిగా చూస్తాడు. అతనికి ఈ భూతద్దం శుద్ధ దండగ. నాలాంటి కళ్లుండి 1/700 ఓడలు చేసేవాళ్లకి 5 డయాప్టర్లు చాలనిపిస్తుంది, 1/350 అయితే 3 తోనూ గడుస్తుందేమో. గాజు లెన్స్ బరువెక్కువ, ధర కూడా ఎక్కువే, కానీ పొర పడితే ఫ్రేములోంచి తీసి ఎసిటోన్‌తో తుడుచుకోవచ్చు. నేనైతే ఈ సెట్టు మళ్లీ కొనను. ఒక్కో లెన్స్ విడిగా అమ్మేవాళ్లది దొరికేదాకా దీంతోనే లాక్కొస్తాను.