పాత ఫియట్, అంబాసిడర్ లోపలి హ్యాండిళ్లు: కొత్త సెట్ కొనాలా, పాతవాటికి క్రోమ్ ప్లేటింగ్ చేయించాలా?

పాత బండి లోపల ముందుగా అరిగేవి తలుపు హ్యాండిల్, అద్దం తిప్పే వైండర్, సీటు పట్టాలు. హ్యాండిళ్లకి హైదరాబాద్‌లో రెండు దారులున్నాయి. రాణిగంజ్ వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో వెతికి కొత్త సెట్ కొనడం ఒకటి, బాలానగర్ వైపు ప్లేటింగ్ యూనిట్‌లో పాతవాటికే మళ్లీ క్రోమ్ ఎక్కించడం ఇంకొకటి. మా తీర్పు ముందే చెప్పేస్తాం: వైండర్ లోపలి పళ్లు బాగుంటే పాతదాన్ని వదులుకోవద్దు. మెరుపు ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు. షాఫ్ట్ మీద బిగువుగా కూర్చునే ఆ కొలత కొత్త సెట్లలో అంత తేలిగ్గా దొరకదు.

కొత్త సెట్ల మెరుపుకి వంక పెట్టడానికి లేదు. లోపం ఉండేది వైండర్ రంధ్రంలో. పళ్ల లోతు తక్కువగా ఉంటే షాఫ్ట్ మీద ఊగుతుంది, ఊగేకొద్దీ పళ్లు గుండ్రంగా అరిగి, చివరికి అద్దం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరుగుతుంది. అందుకే కొనడానికి వెళ్లేటప్పుడు రెగ్యులేటర్ (తలుపు లోపల అద్దాన్ని పైకీ కిందికీ కదిపే యంత్రాంగం) విప్పి వెంట తీసుకెళ్లండి. విప్పడం కుదరకపోతే షాఫ్ట్‌కి కాస్త నూనె రాసి ఎం-సీల్ ముద్దతో అచ్చు తీసుకోండి, పళ్లు లెక్కపెట్టి పోల్చడానికి అది చాలు. హ్యాండిల్ చేత్తో నొక్కితే లోపలికి వెళ్లాలి, వెళ్లాక అటూ ఇటూ ఆడకూడదు. రోజూ తిప్పే బండికి ఈ పరీక్ష నెగ్గిన కొత్త సెట్ సరిపోతుంది.

ప్లేటింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి హ్యాండిళ్లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. ముందు లోహం ఏదో తేల్చుకోండి. అయస్కాంతం గట్టిగా అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే కనిపించని చోట ఆకురాయితో ఒక్కసారి గీయండి: పసుపు కనిపిస్తే ఇత్తడి, బూడిద రంగైతే జింక్ డైకాస్టింగ్ (కరిగించి అచ్చులో పోసిన జింక్ మిశ్రమం). ఇనుము, ఇత్తడి పనిని అనుభవం ఉన్న యూనిట్లు బాగానే చేస్తాయి. చిక్కంతా జింక్‌తోనే. క్రోమ్ కింద బొబ్బలు లేచి, గిల్లితే తెల్ల పొడి రాలుతోందంటే లోపల జింక్‌ను తుప్పు తినేసిందని అర్థం. విశాఖ, కాకినాడ గాలి తిన్న బండ్లలో ఇది ఇంకా ఎక్కువ.

ఇనుప సామానుతో కలిపి యాసిడ్‌లో వేస్తే జింక్ కరిగి హ్యాండిల్ జల్లెడవుతుంది. సరైన వరుస ఇది: పాత పూత జాగ్రత్తగా తీయడం, గుంటల్లోని పొడిని మెరిసే లోహం తగిలేదాకా గీకడం, సయనైడ్ కాపర్ (సయనైడ్ ద్రావణంలో ఎక్కించే రాగి పూత) పల్చగా వేయడం, దాని మీద యాసిడ్ కాపర్ (యాసిడ్ ద్రావణంలో ఎక్కించే రాగి పూత) మందంగా ఎక్కించి గుంటలు పూడ్చడం, బఫింగ్ (గుడ్డ చక్రంతో మెరుగు పెట్టడం), తర్వాత నికెల్, చివర క్రోమ్. యాసిడ్ కాపర్ నేరుగా జింక్ మీద పడితే పట్టు ఉండదు, కొన్నాళ్లకే పొరలుగా లేస్తుంది. కాబట్టి పని ఇచ్చేముందు ‘ఇది జింక్, మొదట సయనైడ్ కాపర్ వేస్తారా?’ అని సూటిగా అడగండి. జవాబు తడబడితే హ్యాండిల్ వెనక్కి తెచ్చుకోండి. పైన కనిపించే క్రోమ్ మందం అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. నునుపంతా కింద ఉన్న కాపర్, నికెల్‌దే. సయనైడ్, క్రోమిక్ యాసిడ్ ప్రాణాంతకమైనవి, ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

ఇంకో మూడు సంగతులు చెప్పి మరీ ఇవ్వాలి. వైండర్ రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టమనండి, లేకపోతే లోపల నిలిచిన ద్రావణం తర్వాత కారి తలుపు రెగ్జిన్ మీద మరక పడుతుంది. బఫింగ్‌లో అంచులు, చెక్కిన గీతలు చెరగకూడదని గట్టిగా చెప్పండి. స్ప్రింగులు, క్లిప్పులు ప్లేటింగ్‌కి ఇవ్వనే వద్దు: యాసిడ్‌లో ఉక్కు హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతుంది, బిగించాక పుటుక్కున విరుగుతుంది. హ్యాండిల్ తిరిగి తీసుకునేటప్పుడు ఎండలో పెట్టి మూలలు చూడండి. క్రోమ్‌ది నీలి ఛాయ. లోపలి వంపుల్లో పసుపు ఛాయ ఉందంటే అక్కడికి క్రోమ్ చేరలేదు, నికెలే బయటికి కనిపిస్తోంది.

పళ్లు అరిగిన జింక్ వైండర్‌ని వెల్డింగ్‌కి ఇవ్వకండి. ఆ మిశ్రమం దాదాపు 385 డిగ్రీలకే కరుగుతుంది, ఇత్తడి బ్రేజింగ్‌కి (ఇత్తడి కరిగించి అతికించడానికి) 800 దాటాలి. లేత్ మీద రంధ్రం పెద్దది చేయించి, పళ్లున్న ఉక్కు బుష్ (చిన్న గొట్టం ముక్క) దించి, అడ్డంగా సన్న పిన్ను కొట్టించడమే నిలిచే మరమ్మతు. ఇది ప్లేటింగ్‌కి ముందే అయిపోవాలి.

సీటు పట్టాలకి మాత్రం పౌడర్ కోటింగ్ వద్దు. ఆ పూత 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది, పట్టాలు ఒకదాంట్లో ఒకటి జరగవు. 8-10 మైక్రాన్ల జింక్ ప్లేటింగ్ చాలు. బోల్టుల దగ్గరా జాగ్రత్త: అంబాసిడర్ బాడీలో సాధారణంగా అంగుళాల మర, ఫియట్‌లో మిల్లీమీటర్ల మర. 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల సన్న మర) రంధ్రంలో ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టు ఒకటి రెండు చుట్లు తేలిగ్గానే ఎక్కి బిగుస్తుంది. అక్కడ బలవంతం చేస్తే మర మొత్తం పోతుంది.

కొత్త హ్యాండిల్ బిగించే ముందు అసలు పళ్లు ఎందుకు అరిగాయో చూడండి. చాలాసార్లు కారణం ఎండి గట్టిపడిన అద్దం చానల్ ఫెల్ట్ (అద్దం జారే గాడిలోని మెత్తటి పట్టీ). ఫెల్ట్ మార్చి, చానల్‌లో సిలికాన్ స్ప్రే కొట్టి, రెగ్యులేటర్ పళ్లకి లిథియం గ్రీజు రాయండి. చానల్‌లో గ్రీజు పెట్టకండి, దుమ్ము పట్టి మళ్లీ బిగుసుకుంటుంది. అద్దం రెండు వేళ్లతో తిప్పితే పైకి రావాలి. అంతవరకూ కొత్త క్రోమ్ హ్యాండిల్‌ను డబ్బాలోనే ఉంచి, పాతదానితోనే తిప్పి చూడండి.